ఇరవై గ్రాములకు కాస్త తక్కువ

ఆగస్టు 9

మామయ్యా,

చేరాను. ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు, మిగతా సగం అత్తయ్య విని తనకు నచ్చినట్టు నీకు చెబుతుంది. అందుకే ఉత్తరాలు రాసుకుందాం అనుకున్నాం కదా, ఇది మొదటిది.

హాస్టల్లో గదికి ఇద్దరం. నా గదిలో ఉన్నమ్మాయి లెక్కల్లో పరిశోధన చేస్తోంది. వచ్చిన పద్దెనిమిది రోజుల్లో నాతో రెండుసార్లు మాట్లాడింది. ఒకసారి "కిటికీ మూయనా" అంది, ఇంకోసారి "మూసేశాను" అంది. మనిషి మంచిదే అనుకుంటున్నాను.

మా ల్యాబ్‌లో తొమ్మిదిమందిమి. నేను మా కాలేజీలో ఫస్టు వచ్చానని నీకు తెలుసు, ఊరందరికీ చెప్పావు. ఇక్కడ తొమ్మిదిమందీ వాళ్ళ వాళ్ళ కాలేజీల్లో ఫస్టే. ఆ సంగతి ఎత్తేవాళ్ళే లేరు. రెండు వారాలుగా నేను గాజు సామాను కడుగుతున్నాను. బాగా కడుగుతున్నానని కూడా ఎవరూ అనలేదు.

మా గైడ్ మేడమ్ పెద్దగా మాట్లాడదు. "ఊఁ" అంటుంది. అందులో రకాలున్నాయట. పొట్టి ఊఁ అంటే సరే, పొడుగు ఊఁ అంటే మళ్ళీ చెయ్యి. మూడో రకం ఒకటుందని, అది తను ఏడేళ్ళలో ఒక్కసారే విన్నానని మా సీనియర్ చెప్పాడు. ఏడేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు కాబట్టి అందరూ ఆయన్ని తాతగారు అంటారు. వయసు ముప్పై దాటలేదు.

అసలు సంగతి ఇది. జనవరి 20న నాకు సమీక్ష. ముగ్గురు కూర్చుని, ఈ ఆరు నెలల్లో నేనేం చేశానో చూసి, ఉంచాలా పంపించాలా అని తేలుస్తారు. ఏదో ఒక ఫలితం చూపించకపోతే ఇంటికే. అమ్మకు ఈ ముక్క చెప్పకు. తనకు నేను వచ్చిన రోజే డాక్టరైపోయాను.

నీ
కందిరీగ


ఆగస్టు 21

కందిరీగకు మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ అత్తయ్య ఒకసారి, నేను రెండుసార్లు చదివాము. మీ అమ్మకు చెప్పలేదు. అత్తయ్య చెప్పింది.

గాజు సామాను కడిగేటప్పుడు ఆఖరిసారి ఏ నీళ్ళతో కడుగుతున్నావో రాయలేదు. అది ముఖ్యం. తూనికలు కొలతల శాఖలో ముప్పై మూడేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసినవాణ్ణి, సామాను శుభ్రం గురించి నాకు తెలిసినంత మీ తాతగారికి తెలియదు. అతన్ని గౌరవించు. కానీ అతను చెప్పిందల్లా నమ్మకు. ఏడేళ్ళు ఒకేచోట కూర్చున్న మనిషికి ఆ చోటులో ఉన్న తప్పులు కనపడవు.

వేళకు తిను. గొడుగు తీసుకెళ్ళావా? నీకు తూకం వెయ్యడానికి ఏం యంత్రం ఇచ్చారు?

మామయ్య


అక్టోబరు 3

మామయ్యా,

కూర్చుని చదువు. నాకు ఫలితం వచ్చింది.

నాకు ఒక తెల్లపొడి ఇచ్చారు. చూడ్డానికి సుద్దపొడిలా ఉంటుంది. అది గాలిలోని ఒక వాయువును పీల్చి పట్టి ఉంచుతుందని మాకు ముందే తెలుసు. తెలియనిది ఏమిటంటే, ఎప్పుడు వదులుతుందో. మేడమ్ దాన్ని రోజుకు నాలుగుసార్లు తూచమంది. నెలరోజులు తూచాను. తొమ్మిదింటికి ఒక బరువు. పదకొండింటికి మిల్లీగ్రాములో సగానికి కాస్త తక్కువ తగ్గుతుంది. మూడింటికి మళ్ళీ పెరుగుతుంది. ఐదింటికి పొద్దున్న ఎంతో అంతే. ఒక్కరోజు కూడా తప్పలేదు. మబ్బు పట్టిన రోజు మాత్రం ఎప్పటంత తగ్గలేదు.

అర్థమైందా? వెలుతురు వస్తే వదులుతోంది, పోతే పీలుస్తోంది. ఎండతో పనిచేసే పొడి. ఇలాంటిది ఇంతవరకు ఎవరూ చూడలేదట. మేడమ్ నా పుస్తకం పేజీ పేజీ తిప్పి "బాగుంది" అంది. తాతగారు తలుపు దగ్గర నిలబడి విని, బయటికెళ్ళి టీ తాగి వచ్చాడు. మార్చిలో జరిగే పెద్ద సభలో చదవడానికి మేడమ్ అప్పుడే సారాంశం పంపించేసింది. అందులో నా పేరు మొదట ఉంది.

సమీక్ష గట్టెక్కినట్టే. గాజు సామాను ఇప్పుడు ఇంకో కొత్తమ్మాయి కడుగుతోంది. ఆఖరిసారి ఏ నీళ్ళు వాడాలో నేనే చెప్పాను.

నీ
కందిరీగ


అక్టోబరు 12

కందిరీగకు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కొన్ని సంగతులు తెలియాలి.

ఆ యంత్రం ఏ బల్ల మీద ఉంది? రాతి బల్లా, చెక్క బల్లా? కిటికీకి ఎంత దూరం? కిటికీ ఏ వైపుకు? అదెప్పటినుంచి అక్కడ ఉంది, అంతకుముందు ఎక్కడ ఉండేది? నువ్వు తూచేటప్పుడు పక్కన ఎవరైనా నడుస్తారా? పొడి కాకుండా వేరే ఏదైనా ఎప్పుడైనా తూచావా?

ఒక పార్సిలు పంపిస్తున్నాను. ఏం చెయ్యాలో దానితోనే రాసి పెట్టాను. అత్తయ్య కట్టి పంపుతుంది. నాకు ముడులు చేతకావు.

మామయ్య


అక్టోబరు 26

మామయ్యా,

నిజం చెప్పనా, నీ ఉత్తరం చదివి ఏడుపొచ్చింది. నా జీవితంలో మొదటిసారి నేనొకటి కనిపెట్టానని రాస్తే నువ్వు బల్ల గురించి అడిగావు. చెక్క బల్ల. కిటికీ పక్కనే. కిటికీ తూర్పుకు. జూన్ వరకు లోపల రాతి బల్ల మీద ఉండేదట. కొత్త యంత్రం ఏదో వస్తే దానికి ఆ చోటిచ్చి, దీన్ని కిటికీ దగ్గర పెట్టారు. ఎందుకంటే ప్లగ్గు అక్కడ ఉంది. చాలా? ఇక బాగుంది అను.

పార్సిలు అందాక మాత్రం కోపం పోయింది. అత్తయ్య కుట్టిన పట్టు సంచీ, అందులో ఆ ఇరవై గ్రాముల ఇత్తడి తూకం రాయి. చిన్నప్పుడు నీ బీరువాలో చూసేదాన్ని, ముట్టుకోనిచ్చేవాడివి కాదు. ఏం చెయ్యాలో రాసి పెట్టానన్నావు కానీ లోపల చీటీ ఏమీ లేదు. చీటీ ఎందుకులే, నాకు అర్థమైంది. నీ ఉద్యోగం గుర్తుగా నాకిచ్చావు. కాగితాలు ఎగిరిపోకుండా బల్ల మీద పెట్టుకున్నాను. ఆలోచించేటప్పుడు చేతిలో పట్టుకుని తిప్పుతూ ఉంటే నువ్వు పక్కన ఉన్నట్టు ఉంటుంది.

మార్చి సభకు మేడమ్ టికెట్లు తీసేసింది.

నీ
కందిరీగ


నవంబరు 4

కందిరీగకు,

చేతిలో పట్టుకుని తిప్పుతున్నావా?

అత్తయ్యను అడిగాను. నేను ఏం చెయ్యాలో రెండు వైపులా రాసి, ఆ కాగితంలోనే రాయిని చుట్టాను. పిచ్చిగీతలున్న కాగితంలో చుట్టి పిల్లకు పంపడం ఏం మర్యాద అని అది తీసేసి సంచీ కుట్టిందట. ఆ కాగితం తెచ్చిచ్చింది. సరుకుల జాబితా కింద వాడేసింది, అయినా చదవడానికి వస్తోంది. మళ్ళీ రాస్తున్నాను.

ఒకటి. రాయిని చేత్తో ముట్టుకోకూడదు. వేలికి ఉండే జిడ్డు కూడా బరువే. మెత్తని గుడ్డతో తుడిచి, పట్టకారుతో పట్టుకో.

రెండు. పొడి పక్కన పెట్టి, ఈ రాయిని అదే యంత్రంలో, అదే తొమ్మిది, పదకొండు, మూడు, ఐదు గంటలకు వారం రోజులు తూచు. రాసుకో.

మూడు. ఇత్తడి ఏ వాయువునూ పీల్చదు, వదలదు. ఇత్తడికి వెలుతురంటే ఇష్టమూ లేదు, కోపమూ లేదు.

ఇంతే. ఆ రాయి జ్ఞాపికా కాదు, కాగితాల మీద పెట్టేదీ కాదు. అది పనిముట్టు.

మామయ్య


నవంబరు 30

కందిరీగకు ఆశీస్సులు.

ఇరవై ఆరు రోజులైంది. జవాబు లేదు. చేత్తో ముట్టుకున్నావని గట్టిగా రాశాను, నీ మనసు కష్టపెట్టుకుని ఉంటావు. తప్పు నాదే. ముట్టుకో. ఎంత కావాలంటే అంత ముట్టుకో. మళ్ళీ తుడిచి తూచితే సరిపోతుంది.

నువ్వు కనిపెట్టిన సంగతి నాకు సంతోషం కాదనుకున్నావేమో. పక్క ఫ్లాట్ రిటైర్డు హెడ్‌మాస్టరుకు చెప్పాను. ఎండతో పనిచేసే పొడి అంటే, ఆయన బట్టలు ఉతకడానికా అన్నాడు. వారం నుంచి ఆయనతో మాట్లాడటం లేదు.

మామయ్య

(అత్తయ్య రాస్తున్నాను తల్లీ. ఈయన రోజూ రెండుసార్లు కిందికి దిగి పోస్టు డబ్బా చూసి వస్తున్నాడు. మోకాళ్ళు ఎలా ఉన్నాయో నీకు తెలుసు. తిడుతూనైనా సరే ఒక ముక్క రాయి. సంచీ రంగు నచ్చిందా?)


డిసెంబరు 9

మామయ్యా,

నాకు నీ మీద కోపమే. ముట్టుకోవద్దన్నందుకు మాత్రం కాదు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే తూచాను. నీ మాట తీసెయ్యలేక, ముసలాయన ముచ్చట తీరుద్దామని తూచాను. తొమ్మిదింటికి ఒక బరువు. పదకొండింటికి తగ్గింది. మూడింటికి పెరిగింది. ఐదింటికి పొద్దున్న ఎంతో అంతే. మబ్బు పట్టిన రోజు ఎప్పటంత తగ్గలేదు. వారం కాదు, మూడు వారాలు తూచాను. నా పొడి చేసిందల్లా నీ రాయి కూడా చేసింది. ఎండతో పనిచేసే ఇత్తడి.

పది నుంచి పన్నెండు వరకు ఆ కిటికీలోంచి ఎండ సరిగ్గా యంత్రం మీదే పడుతుంది. నేను రోజూ ఆ ఎండలోనే నిలబడి తూచాను. వెచ్చగా హాయిగా ఉందని కూడా అనుకున్నాను. నేను ఏమీ కనిపెట్టలేదు మామయ్యా. పొద్దున ఎండ వస్తుందని కనిపెట్టాను.

ఈ సంగతి నాకు, తాతగారికి తప్ప ఎవరికీ తెలియదు. తాతగారు చాలాసేపు ఆలోచించి, "సమీక్ష అయ్యాక చెప్పు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన చెప్పింది చెవిన పెట్టాలని నాకూ ఉంది. ఇప్పుడు చెబితే చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండదు. ముగ్గురి ముందూ నిలబడి సున్నా చూపించాలి, పెట్టె సర్దుకోవాలి. మేడమ్ సభకు పంపింది వెనక్కి తీసుకోవాలి. ఆమె నా వల్ల పదిమందిలో తలదించుకోవాలి. నాలుగైదుసార్లు ఆమె గది తలుపు దాకా వెళ్ళి వచ్చాను. ఒకసారి లోపలికి కూడా వెళ్ళి, స్టేప్లరు అడిగి తెచ్చుకున్నాను.

నువ్వు ఆ రాయి పంపకపోతే నేను హాయిగా ఉండేదాన్ని. ఇలా రాస్తున్నందుకు సిగ్గుగానే ఉంది, అయినా నిజం అదే.

ఇంకొకటి. నీ రాయి ఇరవై గ్రాములు కాదు. ముప్పై మిల్లీగ్రాములు తక్కువ ఉంది. పక్క ల్యాబ్ బ్యాలెన్స్ మీద తూచి కూడా చూశాను, అక్కడా అంతే. ముప్పై మూడేళ్ళు అందరి తూకాలూ సరిచూసిన మనిషివి, కనీసం అదైనా నీకు తెలుసా?

కందిరీగ


డిసెంబరు 17

కందిరీగకు,

తెలుసు.

ఈ సంగతి అత్తయ్యకు కూడా తెలియదు. ఈ ఉత్తరం నేనే పోస్టు చేస్తున్నాను.

ఉద్యోగంలో నాకిచ్చిన రాళ్ళ పెట్టెలో అన్నిటికంటే ఆ ఇరవై గ్రాములది నాకు ఇష్టం. అద్దంలా మెరవాలి. ప్రతి శనివారం పాలిషు పెట్టి తోమేవాణ్ణి. పదకొండేళ్ళు తోమాను. మిగతా ఇన్‌స్పెక్టర్లవి నల్లగా ఉండేవి, నాది చూసి ఆఫీసరు మెచ్చుకునేవాడు. ఏడాదికోసారి వాటిని పై ఆఫీసుకు పంపి సరిచూపించాలి. అక్కడివాళ్ళు మొరటుగా పట్టుకుంటారని, గీతలు పడతాయని, రెండేళ్ళు దాన్ని పంపకుండా మిగతావే పంపాను. తోమితోమి నేనే దాన్ని అరగదీశానని నాకు తట్టలేదు.

అప్పట్లో బస్టాండు వెనక వీధిలో పాత వెండి కొనే ఆయన ఒకడు ఉండేవాడు. ఆయన త్రాసు మీద నా రాయి పెడితే తక్కువ చూపించింది. అమ్ముకోవడానికి వచ్చినవాళ్ళకు తక్కువ తూచి మోసం చేస్తున్నాడని రాశాను. ఆయన "నా త్రాసు సరిగ్గా ఉందండీ, మీ రాయి చూసుకోండి" అన్నాడు. అందరూ అదే అంటారు. త్రాసుకు సీలు వేశాను. "తూకంలో మోసం" అని నా చేత్తో రాసి, కొట్టు తలుపుకు అంటించాను. పది రోజులు ఉంది ఆ కాగితం.

అయిదు నెలల తరవాత రాయి పై ఆఫీసుకు వెళ్ళింది. ముప్పై మిల్లీగ్రాములు తక్కువ అని కాగితం వచ్చింది. కొత్త రాయి ఇచ్చారు. పాతది పారెయ్యమన్నారు, నేను తెచ్చి బీరువాలో పెట్టుకున్నాను. ఆయన దగ్గరికి వెళ్ళలేదు. ఇవాళ వెళదాం, రేపు వెళదాం అనుకుంటూ ఉండగా పదవీ విరమణ అయిపోయింది. ఇదంతా జరిగి పంతొమ్మిదేళ్ళు. ఇప్పటికీ బస్టాండుకు వెళ్ళాలంటే ఆ వీధిలోంచి వెళ్ళను, చుట్టూ తిరిగి వెళతాను. మోకాలి నొప్పికి నడక మంచిదని అత్తయ్యతో చెబుతాను.

నీకు ఆ రాయే ఎందుకు పంపానంటే, నా దగ్గర ఉన్నది అదొక్కటే. నీ పనికి అది చాలు. అది చెప్పేది అబద్ధమే, కానీ రోజూ ఒకటే అబద్ధం చెబుతుంది. అది మారిందంటే మారింది యంత్రమే.

నువ్వేం చెయ్యాలో నేను చెప్పను. చెప్పే యోగ్యత నాకు లేదు. చెప్పకుండా ఉంటే ఏమవుతుందో మాత్రం తెలుసు. ఏమీ అవదు. నాకు ఏమీ అవలేదు. ప్రమోషను కూడా వచ్చింది.

మామయ్య


జనవరి 22

మామయ్యా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని రెండు వారాలు తిరిగాను. ఏమీ అవదు అన్నావు చూడు, అది చదివాక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

జనవరి 3న చెప్పాను. పొడి తూకాలు ఒక కాగితం మీద, రాయి తూకాలు ఇంకో కాగితం మీద గీసి మేడమ్ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. ఆమె ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. గీతలు అతికినట్టు సరిపోయాయి. కాగితాలు కింద పెట్టి "ఊఁ" అంది. పొట్టిదీ కాదు, పొడుగుదీ కాదు. తాతగారు చెప్పిన మూడో రకం అదే. వినాలని ఎవరికీ కోరిక ఉండక్కర్లేదు.

సభకు పంపింది వెనక్కి తీసుకుంటూ నా ఎదురుగానే ఉత్తరం రాసింది. నా తప్పని రాయలేదు, "మా తూకంలో పొరపాటు" అని రాసింది. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. ఆమె కాసేపు చూసి, స్టేప్లరు తిరిగి ఇవ్వమంది.

తరవాత లేచి వచ్చి రాయిని చూసింది. పట్టకారుతోనే పట్టుకుంది, నువ్వుంటే సంతోషించేవాడివి. ఎవరిదని అడిగింది. మా మామయ్యదన్నాను. బ్యాలెన్స్ ఎక్కడ పెట్టాలో ఆయన్ని అడుగు అంది. వేళాకోళం కాదు, నిజంగానే అడుగుతోంది. గది కొలతలు వెనక పేజీలో గీశాను.

మొన్న సమీక్ష జరిగింది. రాయి గీత, పొడి గీత రెండూ చూపించి, పొడి గురించి నాకు తెలిసింది ఏమీ లేదన్నాను. ముగ్గురిలో ఒకాయన, ఆరు నెలల్లో ఇదేనా అన్నాడు. ఇదే అన్నాను. ఇంకొకావిడ, ఈ రాయి ఎవరు తూచమన్నారు అంది. చెప్పాను. బయట కూర్చోబెట్టి నలభై నిమిషాల తరవాత పిలిచారు. పంపించలేదు. ఉంచుతామనీ అనలేదు. జూలైలో మళ్ళీ రావాలి. ఆలోపు ఏమీ లేకపోతే ఈసారి బయట కూర్చోబెట్టడం కూడా ఉండదన్నారు. గాజు సామాను మళ్ళీ నేనే కడుగుతున్నాను. కొత్తమ్మాయి ఏ నీళ్ళు వాడాలో నాకు చెబుతోంది.

గదికి వస్తే, లెక్కలమ్మాయి నా మొహం చూసి "ఉంచారా" అంది. ఆరు నెలలు అన్నాను. "నాకు మూడే ఇచ్చారు" అంది. ఆ రోజంతా మాట్లాడుకున్నాం. కిటికీ తెరిచే ఉంచాం.

మామయ్యా, నేను చెప్పేశాను. ఆ వెండి కొట్టాయన ఇంకా ఉన్నాడా?

నీ
కందిరీగ


ఫిబ్రవరి 6

కందిరీగకు ఆశీస్సులు.

ముందు బ్యాలెన్స్ సంగతి. కిటికీ ఎదురు గోడకు, తలుపుకు దూరంగా, రాతి బల్ల మీద. రాతి బల్ల ఖాళీ లేదంటే ఆ కొత్త యంత్రాన్ని కిటికీ దగ్గరికి మార్చమను. ప్లగ్గు కోసం బ్యాలెన్స్‌ని జరపకూడదు, ప్లగ్గునే జరపాలి. మీ మేడమ్‌కి నా నమస్కారాలు చెప్పు.

ఉన్నాడు. కొట్టూ ఉంది. ఆయన అప్పటికంటే సన్నబడ్డాడు, కళ్ళజోడు వచ్చింది. నేను వెళ్ళేసరికి ఎవరిదో పట్టీ తూస్తున్నాడు. ఆ మనిషి వెళ్ళేదాకా నిలబడ్డాను. నన్ను గుర్తుపట్టాడు. త్రాసు ముందుకు జరిపి, చూసుకోండి సార్ అన్నాడు. నేను ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ని కాదన్నాను. ఆనాడు మీ త్రాసు సరిగ్గానే ఉంది, నా రాయే తప్పు అన్నాను.

ఆయన, "నాకు తెలుసు సార్. మా ఆవిడకు చెప్పాను, నమ్మింది. మా నాన్నకు చెప్పాను, నమ్మలేదు. నమ్మకుండానే పోయాడు" అన్నాడు. నేను క్షమించమన్నాను. అది నాకెందుకు సార్ అన్నాడు. మరి ఏం చెయ్యమంటారు అన్నాను.

డ్రాయరు లాగి తెల్లకాగితం, పెన్ను ఇచ్చాడు. అప్పుడు రాసినట్టే రాయమన్నాడు, అంతే పెద్ద అక్షరాలతో. "ఈ కొట్టు తూకం సరైనది. తప్పు నాది" అని రాసి, కింద నా పేరూ, అప్పటి హోదా పెట్టాను. ఆయన జిగురు తెచ్చాడు, నేను అంటించాను. పది రోజులు ఉండాలన్నాడు. ఇవాళ్టికి నాలుగో రోజు. రోజూ ఆ వీధిలోంచే వెళ్ళి, ఉందో లేదో చూసి వస్తున్నాను. నిన్న ఒక మూల ఊడితే మళ్ళీ అతికించాను.

అత్తయ్యకు చెప్పాను. సాయంత్రం బీరువాలోంచి తెగిపోయిన వెండి గొలుసు తీసి, అమ్మే వంకతో ఆ కొట్టుకు వెళ్ళింది. తలుపు మీది కాగితం మొదటినుంచి చివరిదాకా చదివిందట. గొలుసు తూయించుకుని, అమ్మకుండా తెచ్చేసుకుంది. తూకం సరిగ్గానే ఉందని చెప్పి, నాకు భోజనం పెట్టింది.

జూలై దాకా రాయి నీ దగ్గరే ఉంచు. చేత్తో ముట్టుకోకు.

మామయ్య